గాలివాటు

ఎదురుమొండి నుంచి నాగాయలంక వస్తున్న ఇంజను పడవ నడి ఏట్లో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"డీజిలయిపోయిందండి," అన్నాడు పడవ నడిపే సరంగు సత్తయ్య.

గల్ఫ్‌లో యుద్ధం నడుస్తున్న రోజులు. బంకుల దగ్గర డబ్బాలు బారులు తీరుతున్నాయి. పడవలో పదిమందీ నిట్టూర్చారు. సోషల్ మాస్టారు ఉమామహేశ్వరరావు మాత్రం లేచి నిలబడ్డాడు.

"నే చెబితే విన్నారా? ఇది మొదలే. ఇంకో నలభై ఏళ్ళకి భూమిలో చమురుండదు. లారీలు, రైళ్ళు, కరెంటు, అన్నీ ఇలాగే ఆగిపోతాయి. మన ఘంటసాల ఊరి రేవుకి ఒకప్పుడు ఎక్కడెక్కడి ఓడలూ వచ్చేవి. సముద్రం వెనక్కి జరిగింది. అంత వైభవమూ మట్టిదిబ్బల పాలయింది."

"ఘంటసాల సంగతి తర్వాత మాస్టారూ," అంది నర్సు సుగుణ. "పోటు తగ్గి పాటు మొదలైంది. నీళ్ళు మనల్ని సముద్రంలోకి లాగేస్తున్నాయి."

నిజమే. నాగాయలంక రేవు అంతకంతకూ చిన్నదవుతోంది. మాస్టారు పడవ అంచు గట్టిగా పట్టుకున్నాడు. నాగరికతలు ఎలా ముగుస్తాయో పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాడు గానీ, కాళ్ళకింద పలక కదలడం ఇదే మొదలు.

సత్తయ్య కంగారు పడలేదు. బస్తాల మీది టార్పాలిన్ లాగాడు.

"ఆ కొస పట్టుకోండి మాస్టారూ."

గెడ నిలబెట్టి, మోకు బిగించి, గుడ్డని గాలికి వదిలాడు. సముద్రం మీంచి వచ్చే దక్షిణపు గాలి దాన్ని అందుకుంది. పడవ కాసేపు తటపటాయించి, ఎగువకి తిరిగింది.

ఇన్నేళ్ళూ ఇంజను మోతలో వినపడని నీళ్ళ చప్పుడు అంచుని రాసుకుంటూ పోతోంది. చుక్కాని పట్టుకుని సత్తయ్య కళ్ళు సగం మూశాడు.

"మా అయ్య వాసన చూసి చెప్పేవోడండి, ఏ గాలి ఎంతసేపుంటదో," అన్నాడు మెల్లగా. "ఇప్పుడెవరిక్కావాలండీ గాలి?"

మాస్టారు గాలికి ఉబ్బిన టార్పాలిన్ వైపు చూశాడు. చమురు లేని లోకం ఇలా ఉంటుందంటే, దానికోసం ఎదురుచూడొచ్చనిపించింది. రేవు ఇంకాస్త దూరముంటే బాగుండుననిపించింది.

రేవు వచ్చేసింది. అంతా సత్తయ్యకి దణ్ణాలు పెట్టి దిగారు. "నీ చెయ్యి చల్లగుండాలి బాబాయ్," అంది సుగుణ.

మాస్టారు ఒక్కడే ఆగాడు. "ఇక్కడే ఉండు సత్తయ్యా. అవనిగడ్డలో నా శిష్యుణ్ణడిగి ఒక డబ్బా డీజిల్ పంపిస్తాను. తిరిగెళ్ళేటప్పుడు ఎదురుగాలి కదా, ఎలా వెళ్తావు?"

టార్పాలిన్ మడతపెడుతున్న సత్తయ్య చేతులు ఆగాయి.

"వద్దండి. ట్యాంకు నిండానే ఉంది," అన్నాడు నీళ్ళవైపు చూస్తూ. "గాలి బాగుందని నేనే ఆపానండి."