కబురు పెట్టిన అతిథి

షహనాజ్‌కు మామగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. చెప్పకుండా ఇంటికి అతిథులను పిలుస్తారు.

ఈసారి ఏకంగా చావునే పిలిచారు.

బడే మియా మంచం మీద కూర్చుని ఫార్సీ పద్యం చదివి, కోడలికి అర్థం చెప్పేవారు. "చావు శత్రువు కాదు బేటీ. పెళ్ళివారిలా వస్తుందట. అత్తరు చల్లి లోపలికి రమ్మనాలట."

"ఎంతమంది వస్తారో చెప్పండి అబ్బాజాన్. బియ్యం నానబెట్టాలి కదా!"

ఆయన పకపకా నవ్వేవారు.

ఇక ఇంట్లోనే ఉంచుకోండని డాక్టరు చెప్పాక నవ్వు తగ్గింది. పుస్తకం మాత్రం వదల్లేదు.

ఒకరోజు మంచినీళ్ళు ఇస్తుంటే ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"పద్యంలో పెళ్ళే బేటీ. ఇక్కడ మాత్రం దడగా ఉంది. అబ్బాయితో అనకు."

మర్నాడు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తెల్ల లుంగీ, తెల్ల గడ్డం, పొడుగాటి మనిషి. చేతుల నుంచి కర్పూరం వాసన.

"బడే మియాగారు రమ్మన్నారమ్మా. ఖాదర్ వలీ అంటారు నన్ను."

ఆ పేరు షహనాజ్ విన్నదే. పేటలో ఎవరు పోయినా, ఖననానికి ముందు స్నానం చేయించేది ఆయనే. ఆయన ఎదురొస్తే ఆడవాళ్ళు పిల్లలను లోపలికి లాక్కుంటారు.

భర్త తారిక్ ఆటోనగర్‌లో షెడ్డు దగ్గరున్నాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మనిషి ఇంకా ఉన్నారండీ! అప్పుడే ఏం తొందరొచ్చింది?"

"ఉన్నారనేనమ్మా వచ్చాను. ఒక్క మాట..."

"కొలతలు తీసుకోవడానికా?"

ఆయన తల వంచుకుని చెప్పులు వేసుకున్నాడు.

"ఎవరు బేటీ?" లోపలి నుంచి బడే మియా.

"కేబుల్ అతను."

"నా కోసం ఒకరు రావాలి. వస్తే పంపించు."

సాయంత్రమంతా గుమ్మం వైపే చూస్తూ పడుకున్నారు. తెల్లవారుతుండగా పోయారు. చివరిదాకా కోడలి చెయ్యి గట్టిగా పట్టుకునే ఉన్నారు.

తారిక్ వెళ్ళి ఖాదర్ వలీనే తీసుకొచ్చాడు.

తెర వెనక నీళ్ళ చప్పుడు. మధ్యలో ఆయన గొంతు, నిద్రపోతున్నవాణ్ణి బుజ్జగిస్తున్నట్టు.

"కుడి చెయ్యి ఇటివ్వండి మియా. గోరువెచ్చటి నీళ్ళే, చలెయ్యదు."

స్నానం అయ్యాక ఆయన బయటికి వస్తుంటే షహనాజ్ అడిగింది. "మిమ్మల్ని ఎందుకు రమ్మన్నారు?"

"ఆస్పత్రి నుంచి వస్తూ మసీదు దగ్గర ఆటో ఆపించి, చెవిలో అడిగారమ్మా. ఇంతమంది ముఖాలు కడిగావు, వాటిలో భయం కనిపిస్తుందా, నిజం చెప్పు అని. పక్కన తారిక్ బాబు ఉన్నాడు. ఇంటికొచ్చి చెప్తానన్నాను."

"ఏం చెప్పేవారు?"

"భయమంతా తెర బయట కూర్చున్నవాళ్ళ ముఖాల్లోనే చూశానమ్మా. తెర లోపల ఒక్క ముఖంలోనూ చూడలేదు."

తారిక్ అయోమయంగా చూశాడు. "మరి వచ్చి చెప్పలేదేం?"

"వచ్చారు. నిన్న." షహనాజ్ అందరికీ వినబడేలా అంది. "తప్పు నాదే. చావును వెంటబెట్టుకొచ్చారనుకుని, అబ్బాజాన్‌కు ధైర్యం చెప్పగల ఒకే ఒక్క మనిషిని గుమ్మంలోంచే పంపేశాను."