కింద పెట్టిన కాఫీ

మిషారీ కాఫీ కప్పు అందుకున్నాడు. పెదవికి తాకించకుండానే తివాచీ మీద పెట్టేశాడు. పక్కన వరసగా కూర్చున్న కంపెనీ వాళ్లు కూడా అలాగే పెట్టారు.

దివానియాలో, అతిథులు కూర్చునే ఆ చావడిలో, మాటలు ఆగిపోయాయి. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఇటు తిరిగారు.

కువైట్‌లో ఏదైనా అడగడానికి వచ్చినవాళ్లు కాఫీ ముట్టకుండా లేచిపోతే ఆ ఇంటికి తల కొట్టేసినట్టే. అడిగింది ఇస్తానంటేనే తాగుతారు. ఇచ్చేవాడు "కాఫీ తాగండి" అంటాడు. ఆ మాట పడితే చాలు, కోర్టు కాగితాలు వాటంతటవే కదులుతాయి.

మర్జూక్ కళ్లు ఆ కప్పు మీదే ఉన్నాయి. మిషారీకి ఈ విద్య నేర్పింది తనే. ఆ పెద్ద నిర్మాణ కంపెనీలో లా డిపార్టుమెంటుకు మర్జూక్ హెడ్. సైటులో ఎవరి ప్రాణం పోయినా, వాళ్లవాళ్ల ముందు కప్పు కింద పెట్టి క్షమించమని అడిగేది అతనే. ఇవాళ మాత్రం మాట్లాడే పని మిషారీ మీద పడింది.

మిషారీ తల వంచుకునే మొదలుపెట్టాడు.

"బాబాయ్, తలాల్ మా అందరికీ తమ్ముడు. ఏ మొహం పెట్టుకుని వచ్చామో మాకే తెలీదు. క్రేన్ నడిపిన సాబిర్ జైల్లో ఉన్నాడు. సిగ్నల్ రాకుండానే కింద నిలబడ్డవాడి మీదికి ఇనుము దించేశాడు. తప్పే, కాదనను. కానీ కావాలని చెయ్యలేదు బాబాయ్. మీరు క్షమించానంటే వాడు పిల్లల దగ్గరికి వెళ్తాడు. లేదంటే వాడి బతుకు అక్కడే తెల్లారిపోతుంది."

సాబిర్ బయటికొస్తే కంపెనీ మెడకు చుట్టుకున్న కేసూ వదులుతుంది. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదని కూడా మర్జూక్ నేర్పిందే.

తలాల్ తండ్రి చూపు కప్పు మీంచి కదల్లేదు.

"గురువు దగ్గర నేర్చింది గురువు ముందే అప్పజెబుతున్నాడు," వెనకాల ఎవరో గొణిగారు.

"ఊరుకోవయ్యా! ఇదా వేళాకోళానికి సమయం?" ఇంకెవరో కసిరారు.

"వాడు జైల్లో అన్నం ముట్టడం లేదు బాబాయ్," అన్నాడు మిషారీ. "తలాల్, తలాల్ అని ఒకటే ఏడుపు."

మర్జూక్ గుండె చివుక్కుమంది. పోయినవాడి పేరు ఒక్కసారే చెప్పాలి, మళ్లీ ఎత్తితే ఆ తండ్రి తట్టుకోలేడు అని వీడికి ఎంత నూరిపోశాడు!

ఎన్ని ఇళ్లలో, ఎంతమంది తండ్రుల చేత "కాఫీ తాగండి" అనిపించాడో. బయటికి రాగానే "పదండ్రా, మచ్‌బూస్ తిందాం" అనేవాడు. పని నెగ్గిన రోజు ఆకలి దండిగా వేసేది. ఇప్పుడు ఆ తండ్రుల మొహాలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

ఈ ఒక్కసారి మిషారీ ఓడిపోతే బాగుండుననిపించింది. తన విద్యంతా వీడికెందుకు నేర్పానా అని తనను తానే తిట్టుకున్నాడు.

మిషారీ తల ఇంకాస్త వంచాడు. "మీరు కాదంటే లేచి వెళ్లిపోతాం బాబాయ్. మిమ్మల్ని ఎవరం తప్పుపట్టం."

అన్నాడే గానీ లేవలేదు. కాఫీ పోసే మనిషి కూజా పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కప్పులు చల్లారిపోయాయి. అందరూ తండ్రి నోటివైపే చూస్తున్నారు.

మర్జూక్ ముందుకు వంగి, కింద పెట్టిన ఆ కప్పు తీసి మిషారీ చేతిలో పెట్టాడు: "కాఫీ తాగరా, ఆ సాబిర్‌ని వదిలేశాను, నా కొడుకు ఎలాగూ తిరిగి రాడు."