తలెత్తి చూసిన బాతు

ఒక చెరువులో బాతుల జంట ఉండేది. ఆడబాతు నీళ్లలో తల ముంచి మేస్తుంటే, గద్ద వస్తుందేమోనని మగబాతు మెడ నిక్కించి కాపలా కాసేది. కాస్తూ కాస్తూ, "ఏమే, ఇటు చూడు. తుంగపోచ మీద తూనీగ ఎలా ఊగుతోందో" అనేది.

"తిననివ్వండి. రేపు చూస్తాలెండి" అనేది ఆడబాతు, తలెత్తకుండానే.

ఆ చలికాలం మగబాతు జబ్బుచేసి చనిపోయింది.

ఇక ఆడబాతుకు తన కాపలా తనదే. ఒకసారి ముక్కు ముంచడం, వెంటనే తలెత్తి ఆకాశంకేసి చూడడం. సగం కడుపుకు కూడా మేత అందక చిక్కిపోయింది.

ఒడ్డున ఉండే తాబేలు జాలిపడింది. "చెల్లెమ్మా, చెట్ల కింద మా మడుగుంది, వచ్చెయ్. పైన కొమ్మలు కప్పేసి ఉంటాయి. గద్ద దూరలేదు. తలెత్తే పనే ఉండదు."

బాతు వెళ్లింది. నాలుగు రోజులు కడుపారా తిన్నది. ఐదో రోజు పొద్దున్నే బయలుదేరింది.

"ఇక్కడ నీకేం తక్కువైంది?" అంది తాబేలు.

"తిండికేం లోటు లేదన్నయ్యా. అలవాటు కొద్దీ తలెత్తుతున్నాను. చూడ్డానికే ఏమీ లేదు."

చెరువులోకి దిగి ముక్కు ముంచింది. తలెత్తింది. గద్ద లేదు. అవతలి గట్టు మీద ఎండ పడుతోంది. తుంగపోచ మీద తూనీగ ఊగుతోంది.

"చూస్తున్నా లెండి" అంది బాతు.