మూడో ముక్క దగ్గర

పిల్లల డాన్సు కుదించమని నాగేంద్రబాబు చెప్పేసరికి తనూజ ముఖం చిన్నబోయింది.

“గెస్టుగారు బేగెల్లిపోవాలంట. రైలు డాన్సు ఒక్క చుట్టుతో ముగించీ,” అన్నాడాయన. బిర్సానగర్‌లో ఆ తెలుగు సంఘానికి ఆయనే కార్యదర్శి. మైకు లేకుండానే ఆయన మాట హాలు చివరిదాకా వినిపిస్తుంది. “అయినా ఫోన్లో పాటెట్టీసే దానికి ఈ కంప్యూటరు గోలేటమ్మా?”

తనూజ వేదిక పక్క గోడవార బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది.

ఆమె కట్టింది ట్రాకర్ పాట. మొదటి నుంచి చివరి దాకా ఒకటే రికార్డింగు కాదు, చిన్న చిన్న ముక్కలు. ఏ ముక్క తరవాత ఏది మోగాలో ఆమె రాసిన కోడ్ నడిపిస్తుంది. మీట నొక్కితే పాట తరవాతి ముక్కలోకి వెళుతుంది. నొక్కకపోతే ఉన్న ముక్కే మళ్ళీ మోగుతుంది. పసిపిల్లలు అడుగు తప్పితే పాటే వాళ్ళకోసం ఆగాలని అలా రాసుకుంది. ముక్క మారితేనే ఆట మార్చాలని వాళ్ళకు నేర్పింది. మొదటిదానికి నమస్కారం. రెండోదానికి చప్పట్లు. మూడోది రైలు. నాలుగోది వినగానే చెక్కమెట్లు దిగి అమ్మల దగ్గరికి పరుగు.

మూడో ముక్క మొదలైంది. పిల్లలు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో వేదిక చుట్టూ తిరిగారు. ఇంజను తనూజ కూతురు పిహూ. చుట్టు పూర్తయింది. మెట్ల పక్కన నిలబడ్డ నాగేంద్రబాబు, ఇక కానీ అన్నట్టు చెయ్యి ఊపాడు.

తనూజ అటు చూసింది. చూపు అక్కడే ఉండిపోయింది. మీట మీది వేలు మెల్లగా వెనక్కి తీసుకుంది.

మూడో ముక్క మళ్ళీ మొదలైంది.

ముందు వరసలో ఎవరో నవ్వారు. రైలు ఇంకో చుట్టు తిరిగింది. తనూజ ఫోన్ తీసి ఏదో టైపు చేసి పంపింది.

మళ్ళీ అదే ముక్క.

గెస్టుగారు గడియారం చూసుకున్నారు. నాగేంద్రబాబు ముఖం కందగడ్డ అయింది. పిల్లల్ని తానే దించుదామని మెట్ల మీదికి కాలు ఎత్తబోయాడు.

“అటు వెళ్ళకండి బాబాయ్. నాతో పనుంటే నా దగ్గరికి రండి,” అంది తనూజ.

ఆయన విసవిసా వచ్చాడు. ఆమెకు కావలసిందీ అదే.

“నలుగుర్లో నా పరువు తీత్తన్నావా? నొక్కు.”

“నొక్కను.”

“నా మీద కోపం పిల్లల మీద సూపిత్తావేటి? ఆళ్ళకి కాళ్ళు పీకీత్తన్నాయి.”

“తిరగనివ్వండి.”

ఆయనే మీట నొక్కబోయాడు. తనూజ ఆయన మణికట్టు పట్టుకుంది. పెద్దాయన చెయ్యి అలా పట్టుకోవడం హాలంతా చూసింది. గుసగుసలు లేచాయి. రెండో వరసలోంచి దాలమ్మ లేచింది.

“మా మనవరాల్ని నాను దించుకుంటాను. నీ పంతానికి మా పిల్లలేటి?”

“కూకో దాలమ్మత్తా. నీ కాళ్ళు పట్టుకుంటాను, కూకో.”

ఆ గొంతులో ఏముందో గానీ దాలమ్మ కూర్చుండిపోయింది.

“మమ్మీ, థక్ గయే, అలిసిపోయాం,” పిహూ ఏడుపు గొంతుతో అంది. అయినా ఆగలేదు. ముక్క మారలేదు మరి. తనూజ కూతురి వైపు చూడలేదు. చూస్తే తన వల్ల కాదని ఆమెకు తెలుసు.

మళ్ళీ అదే ముక్క. మళ్ళీ అదే.

పక్క తలుపు తోసుకుని మోహిత్ వచ్చాడు. వెనక వీధిలో ఉండే తనూజ తమ్ముడు. వానకు నిలువునా తడిసి ఉన్నాడు, చంకలో ఖాళీ గోనెసంచి.

“అదిగో, అక్కకి సాయం దిగాడు,” అన్నాడు నాగేంద్రబాబు. “ఇంక మమ్మల్ని కొట్టండి.”

మోహిత్ ఆ మాట పట్టించుకోలేదు. మెట్ల వెనకాలకు వెళ్ళి తెర చాటున వంగాడు. రైలు తిరుగుతూనే ఉంది.

కాసేపటికి తెర కదిలింది. మోహిత్ లేచి అక్క వైపు తలూపాడు.

తనూజ నాగేంద్రబాబు చెయ్యి వదిలేసి మీట నొక్కింది. నాలుగో ముక్క మోగింది. పిల్లలు దబదబా మెట్లు దిగి అమ్మల ఒళ్ళోకి పరుగెత్తారు.

“ఇప్పటికి తీరిందా పంతం?” అన్నాడు నాగేంద్రబాబు.

మెట్ల కింద చుట్ట చుట్టుకుని పడుకున్న నాగుపామును అలవాటైన చేతులతో గోనెసంచిలో వేసి, మూతి బిగించి పట్టుకుని మోహిత్ ఆయన పక్కనుంచే వానలోకి వెళ్ళిపోయాడు.