పదిహేడు నిమిషాలు

మానవ నాగరికతను ముందుకు నడిపించింది నిప్పూ కాదు, చక్రమూ కాదు. నేలకు అతికించిన రంగు టేపు.

హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చదువుతున్న ఆ అమ్మాయి ఈ మహాసత్యాన్ని నూటపన్నెండు పేజీల ప్రాజెక్టులో నిరూపించింది.

కళ్ళకు పచ్చగీత, ఎముకలకు పసుపుగీత, గుండెకు ఎర్రగీత. మూడు వారాల కిందట ఆమె గీతలు వేయించింది మొదలు, టోకెను తీసుకున్న రోగి డాక్టరు ముందు కూర్చోవడానికి సగటున పదిహేడు నిమిషాలు. అంతకుముందు గంటన్నర.

ఈ మహాద్భుతాన్ని కళ్ళారా చూడడానికి పరీక్షాధికారి పదింటికి వస్తున్నాడు. ఆయన తృప్తిపడితే పట్టా. లేకుంటే మరో ఏడాది.

తొమ్మిదీ నలభైకి ఎర్రగీత మీద గళ్ళచొక్కా ముసలాయన నిలబడి ఉన్నాడు. రోజూ ఇదే వరస.

"పెద్దాయనా, గీత మీంచి జరగండి."

"ఒక్క నిమిషం తల్లీ. ఈవిడకి ఆయాసంగా ఉంది, కూర్చోబెట్టొస్తా."

"దారి చూపించడానికి బాణం గుర్తులున్నాయి కదండీ!"

"ఉన్నాయమ్మా. వంగి నేలచూపులు చూసే ఓపికుంటే ఆస్పత్రికెందుకొస్తారు?"

బెంచీలన్నీ నవ్వాయి. ఆమె చెవులు కాలిపోయాయి.

"వాచ్‌మన్! ఈయన్ని బయటికి పంపించు. పన్నెండింటి దాకా లోపలికి రానివ్వకు."

"మేడం, ఆయన..." వాచ్‌మన్ నసిగాడు.

"నా పట్టా నువ్విస్తావా?"

ముసలాయన వాదించలేదు. మడిచిన పేపరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పదింటికి పరీక్షాధికారి రానే వచ్చాడు. సామ్రాజ్యం కూలడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

కళ్ళవాళ్ళు ఎముకల గది తలుపు బాదారు. రక్తపరీక్ష కాగితం లేకుండా లోపలికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి మళ్ళీ వరసలో దూరారు.

"ముందొచ్చింది నేను!"

"అయితే కిరీటం పెట్టమంటావా?"

ఒకే కుర్చీని ఇద్దరు చెరోవైపు లాగుతున్నారు. నేలవైపు చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

పరీక్షాధికారి గడియారం చూసుకున్నాడు. "నిన్నటిదాకా ఎలా నడిచిందమ్మా ఇది?"

బెంచీ మీది ఆయాసపు మనిషి అందుకుంది:

"ఆ పెద్దాయన్ని పిలవండయ్యా. ఎవరు ఏ గదికెళ్ళాలో, ముందు ఏ కాగితం చేతిలో ఉండాలో ఆయనేగా చెప్పేది! పొద్దున్నే ఆరింటికొచ్చి ఇక్కడే ఉంటాడు."

ప్రాజెక్టు అమ్మాయి గేటు దగ్గర వాచ్‌మన్ వైపు పరుగెత్తింది.

"ఏడాయన?"

"బస్సెక్కేశాడు మేడం."

"ఏ డిపార్టుమెంటాయన? ఎవరు వేశారు ఇక్కడ డ్యూటీ?"

"డ్యూటీయా! ఆయన పేషెంటు మేడం. రోజూ ఫస్టు టోకెను తీసుకుంటాడు, ఎక్కువ బాధలో ఉన్నవాళ్ళెవరైనా కనబడితే వాళ్ళ చేతిలో పెట్టేస్తాడు."

వాచ్‌మన్ గొంతు తగ్గించాడు.

"గీతలేయించిన రోజున గుండెలో నొప్పని వచ్చాడు; ఇంకా డాక్టరుకి చూపించుకోలేదు."