మూడో వరసలో ఎర్రచొక్కా

ఆ సినిమా బాగుండాలని అతను మొక్కుకున్నంతగా హీరోని కన్నతల్లి కూడా మొక్కుకుని ఉండదు.

మొదటి భాగం అతన్ని మనిషిని చేసింది. అది ఆడిన మూడు నెలలూ చేతినిండా పనే. రెండు గంటల నలభై నిమిషాలు జనం కుర్చీలకు అతుక్కుపోయేవాళ్ళు. చివర్లో పేర్లు పడుతున్నా లేచేవాళ్ళు కాదు. సినిమా అంటే అదీ.

ఆ తరవాత వచ్చినవన్నీ ఇంటర్వెల్‌కే జనాన్ని ఇళ్ళకు తరిమేసిన సినిమాలు. రెండేళ్ళుగా అతనికి సరైన పని లేదు. ఇప్పుడీ రెండో భాగం కూడా తన్నేస్తే చిప్ప పట్టుకోవలసిందే.

అందుకే మొదటిరోజు మ్యాట్నీకి బామ్మర్దిని హాల్లో కూర్చోబెట్టాడు. భార్య పోతూ పోతూ అతనికి వదిలిపెట్టిన ఆస్తి ఆ తమ్ముడొక్కడే. దేనికీ పనికిరాడు. తెరవైపు చూడొద్దనీ, మూడో వరసలో ఎర్రచొక్కాయన కుటుంబాన్నే కనిపెట్టి ఉండమనీ వాడికి పదిసార్లు చెప్పాడు. వాళ్ళకి, ఇంటిల్లిపాదికీ, టిక్కెట్లు ఊరికే పంపింది అతనే.

గదిలో ఫ్యాను కూడా వేసుకోకుండా, ఆ ఉక్కలో, ఫోను చెవికి అదిమిపట్టి నిలబడ్డాడు.

"ఎలా ఉందిరా?"

"ఏం చెప్పమంటావు బావా! హీరో చెయ్యెత్తకముందే రౌడీలు పడిపోతున్నారు."

"విలనో?"

"మొదటి భాగంలో చచ్చాడుగా. ఇప్పుడు వాడి కవల తమ్ముడట. వీడికీ అదే చోట అదే పుట్టుమచ్చ."

"ఆ పుట్టుమచ్చ తగలెయ్య! ఎర్రచొక్కాయన మొహం ఎలా ఉంది?"

"ఆముదం తాగినట్టుంది. పెళ్ళాం ఆవలిస్తోంది. తల్లి కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటోంది."

చెప్పులు అనగానే అతను గడియారం చూసుకున్నాడు.

"లేవనివ్వకురా! ముందు ముందు బాగుంటుందని చెప్పు!"

బామ్మర్ది ముందుకు వంగి చెప్పడం ఫోన్లో వినపడింది.

"అన్నా, కాస్త ఓపిక పట్టండి. క్లైమాక్సులో రైలు మీదికి ఏనుగు దూకుతుందట."

"నువ్వెవరయ్యా? ప్రొడ్యూసర్ మనిషివా?"

"కాదండీ. మా బావ చెప్పమన్నాడు."

"మీ బావ నా చేతికి దొరకాలి, చెప్తా!"

కాసేపు కుర్చీల కిరకిర. తరవాత బామ్మర్ది గుసగుస.

"కూర్చున్నారు బావా. ఏనుగు కోసం."

అతను ఊపిరి పీల్చుకుని సగంలో ఉన్న పనిలో పడ్డాడు. మంచి పనివాడు. చేతులు కదులుతుంటే మనసు కుదుటపడింది. ఏనుగు దయవల్ల గట్టెక్కానని కూడా అనుకున్నాడు.

అరగంట తరవాత ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. ఐదోసారికి ఎత్తాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"నిద్రపోయావట్రా?"

"నా తప్పేం లేదు బావా. అంత పాడు సినిమా."

"మూడో వరస చూడు!"



"ఖాళీగా ఉంది బావా," అన్నాడు బామ్మర్ది. వెంటనే గొంతులో హుషారు వచ్చింది. "అయ్యో, పాపం, ఏనుగు ఇప్పుడే వచ్చింది!"

"ఊరికే టిక్కెట్లు వచ్చినప్పుడే అనుకున్నా, చెత్త సినిమా అయ్యుంటుందని," అంటూ ఎర్రచొక్కాయన తల్లి వచ్చి మంచం మీద కూలబడేసరికి, అదే మంచం కింద ఇనపకడ్డీని గుండెలకు అదుముకుని పడుకున్న అతను, తను సగం తెరిచిన వాళ్ళ బీరువా తలుపు కిర్రుమంటూ దానంతటదే పూర్తిగా తెరుచుకోవడం చూస్తున్నాడు.