భయం నాకొదిలెయ్, వదినా!

మూడో అంతస్తు కిటికీలో పెద్దావిడ భీష్మించుకుని నిలబడింది.

వెనక గదిలో పొగ కమ్ముకొస్తోంది. ఎదురుగా నిచ్చెన వేసి ఉంది. ఆవిడ మాత్రం కిటికీ రెక్క వదలడం లేదు.

"దిగండి మామ్మగారూ!" కింద ఫైర్ స్టేషన్ వాళ్ళంతా గొంతు చించుకుంటున్నారు.

"నా వల్ల కాదు. కిందకి చూస్తేనే కళ్ళు తిరుగుతున్నాయి. నన్నొదిలేసి మీరు వెళ్ళండి నాయనా!"

నిచ్చెన చివర నిలబడ్డ ఫైర్‌మన్‌ని పొడుగు చూసి స్టేషన్లో అందరూ జిరాఫీ అంటారు. అతను బతిమాలాడు, గదమాయించాడు. లాభం లేకపోయింది. ఏం చెయ్యాలో పాలుపోక, చిన్నప్పటి నుంచీ నోటికి అలవాటైన మాటొకటి అనేశాడు.

"నా భుజం పట్టుకో వదినా! భయం నాకొదిలెయ్!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అంత హడావుడిలోనూ కింద డ్రైవర్ కిసుక్కున నవ్వాడు.

పెద్దావిడ నవ్వలేదు. అతని మొహంలోకి వింతగా చూసింది. కిటికీ వదిలి అతని భుజం పట్టుకుంది.

అతని వీపు మీద సగం దిగాక చెవి దగ్గర అడిగింది.

"ఎక్కడిది నాయనా ఆ మాట?"

మాటల్లో పెడితే కిందకి చూడదని జిరాఫీ హుషారుగా అందుకున్నాడు.

"కార్టూన్లోదండీ, ఏమీ అనుకోకండి. మా చిన్నప్పుడు టీవీలో వచ్చేది. ఐదుగురు వీరులు కలిసి లోకాన్ని కాపాడేవాళ్ళు."

"వాళ్ళ బలం చూసి ఇష్టపడ్డావా?"

"బలం ఎవరిక్కావాలండీ! ఎగిరేవాళ్ళు వేరే కార్టూన్లలో బోలెడుమంది. వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు అన్నయ్యా, వదినా, బావా అని పిలుచుకునేవాళ్ళు. అచ్చం మా ఇంట్లోలాగే పోట్లాడుకుని, ఆపదొస్తే ఒక్కటైపోయేవాళ్ళు. అది చూసే నేనీ ఉద్యోగంలో చేరాను."

ఆవిడ అతని భుజం ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఆ మాట మరీ పొడుగు కదూ? బొమ్మ నోరు మూసేసినా 'వదిలెయ్' అని వినిపిస్తూనే ఉండేది. అది తప్పు నాయనా."

జిరాఫీకి ఒళ్ళు మండింది. ప్రాణాలకి తెగించి మోస్తుంటే ఈవిడ తన కార్టూన్‌కి వంకలు పెడుతోంది!

"తప్పేంటండీ? నోరు మూశాక వచ్చే ఆ ముక్క కోసమే మా వీధి పిల్లలంతా టీవీకి అతుక్కుపోయేవాళ్ళం! మీకేం తెలుసు?"

ఆవిడ అతని భుజం మీద తల వాల్చింది. అతని మెడ మీద వెచ్చగా తడి తగిలింది. పొగకి కళ్ళు మండుతున్నాయి కాబోలు అనుకున్నాడు.

అంబులెన్స్ ఎక్కబోతూ ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఇంకోసారి అను నాయనా."

స్టేషన్ వాళ్ళంతా చూస్తుండగా, సిగ్గుపడుతూనే అన్నాడు.

నెల తిరక్కుండా ఒకామె స్టేషన్‌కి వచ్చింది.

"మా అమ్మని వదినా అన్నది ఎవరండీ?"

డ్రైవర్ ఆలోచించకుండా జిరాఫీని ముందుకు తోశాడు.

"క్షమించండి మేడమ్, అలవాటులో నోరు జారింది."

"అమ్మ మొన్న నిద్రలోనే పోయింది."

జిరాఫీ నెత్తి మీది టోపీ తీసేశాడు. ఒకసారి వెళ్ళి పలకరించాలని, ఆ కార్టూన్ సంగతి తేల్చుకోవాలని రోజూ అనుకుంటూనే ఉన్నాడు.

"ఆ రోజు నేనే దురుసుగా మాట్లాడాను. బాధపడ్డారా?"

కూతురు కళ్ళు తుడుచుకుంది. తల మాత్రం ఎత్తే మాట్లాడింది.

"బాధా? అసలు కార్టూన్లో 'పట్టుకో' అన్న ఒక్క ముక్కకి తెలుగులో అంత పొడుగు మాట రాసిందని అమ్మని డబ్బింగ్ కంపెనీవాళ్ళు పంపించేశారండీ. ఆనాటి నుంచీ తలదించుకునే బతికిన మనిషి, మొన్నటిదాకా చూడవచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పింది, 'నేను రాసిన మాటే నిచ్చెనెక్కి వచ్చి నన్ను దించింది' అని."